ట్రాక్ డే కారు: హార్స్‌పవర్ కన్నా ముందు వేడి సంగతి

(విజయవాడలో కారు యజమానులు, ఆటోనగర్ మెకానిక్‌లు, ఇంజినీరింగ్ విద్యార్థులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం కూడా తీరిక లేని ఆటోనగర్ నుంచి షెడ్లు మూసుకుని వచ్చిన మెకానిక్ అన్నలకు ప్రత్యేకంగా నమస్కారం. ఇవాళ నేను మాట్లాడబోయేది ట్రాక్ డే గురించి, అంటే మన సొంత కారును రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లి వేగంగా నడిపే రోజు. దానికి కారును సిద్ధం చేసే పనిలో సగం మీ చేతుల్లోనే ఉంది.

ఈ మధ్య కుర్రాళ్లు ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, కారు ట్రాక్‌కి తీసుకెళ్దామనుకుంటున్నా. రీమ్యాప్ చేయిస్తే ఎంత పవర్ వస్తుంది? ఏ ఎగ్జాస్ట్ పెట్టించమంటావు?" రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చి పవర్ పెంచడం. నేను తిరిగి ఒకటే అడుగుతాను. "నీ కారులో బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు?" చాలామందికి గుర్తుండదు. కొందరికైతే బ్రేక్ ఆయిల్‌ను మార్చాలన్న సంగతే తెలియదు, తగ్గితే పోస్తారు అంతే.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే ఉంది. పవర్ చాలక మధ్యలో ఆగిపోయిన కారు ట్రాక్ మీద కనపడదు. ఆగిపోయేవాటిలో ఎక్కువ వేడెక్కి ఆగిపోయేవే. బ్రేకులు, టైర్లు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, గేర్ బాక్స్, ఏది తీసుకున్నా కథ ఒకటే. రోడ్డు మీద మనం యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కేది కొన్ని సెకన్లే. ఆ వెంటనే ఆటో అడ్డం వస్తుంది, సిగ్నల్ పడుతుంది, కారు చల్లబడుతుంది. ట్రాక్ మీద ఆ విశ్రాంతి ఉండదు. పదిహేను, ఇరవై నిమిషాల సెషన్ మొత్తం తొక్కితే పూర్తిగా తొక్కడం, లేకపోతే బ్రేక్ మీద నిలబడడం. కంపెనీ వాళ్లు మన కారును తయారుచేసింది ఈ పని కోసం కాదు. కాబట్టి ట్రాక్ కోసం మార్పులు చేయడమంటే ముందుగా, పుట్టే వేడిని తట్టుకునేలా, బయటికి పంపేలా కారును సిద్ధం చేయడం.

మన వాళ్లు వెళ్లే ట్రాక్‌ల గురించి కొంచెం చెప్పుకుందాం. మనకు బాగా అందుబాటులో ఉన్నది చెన్నై దాటాక శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న ట్రాక్. 1990 నాటిది. పాతవాళ్లు ఇప్పటికీ ఎంఎంఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అంటారు, ఇప్పటి పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. చుట్టు పొడవు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. అంతకుముందు రేసులన్నీ షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద జరిగేవి. మనం నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే హైవే పక్కనే ఆ షోలవరం. ఈసారి అటు వెళ్తే ఒకసారి గుర్తు చేసుకోండి, దక్షిణాది మోటార్ స్పోర్ట్ పెరిగింది అక్కడే. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఎస్. కరివర్ధన్ పేరు మీద కట్టారు. మారుతి ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో సింగిల్ సీటర్ రేసు కార్లు తయారుచేసి ఒక తరం డ్రైవర్లకు దారి చూపించిన మనిషి ఆయన. అది రెండు కిలోమీటర్ల పైచిలుకు చిన్న ట్రాక్. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగింది అక్కడే.

ఈ కొలతలు ఎందుకంటే, ట్రాక్‌ను బట్టి కారుకు వచ్చే కష్టం మారుతుంది. బుద్ధ్‌లో కిలోమీటరు పైన ఉన్న స్ట్రెయిట్ చివర మామూలు కారు కూడా మంచి వేగం అందుకుంటుంది. అక్కడ ఒక్కసారి బ్రేక్ కొట్టినా భారీ దెబ్బే. చిన్న ట్రాక్‌లో వేగాలు తక్కువే, కానీ మలుపు తర్వాత మలుపు, బ్రేక్ తర్వాత బ్రేక్. చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్కులకు, వాటిని పట్టి ఆపే ప్యాడ్లకు గాలి తగిలి చల్లబడే సమయం దొరకదు. "చిన్న ట్రాకేగా, మామూలు ప్యాడ్లు చాలు" అనుకుని వెళ్లేవాళ్లు అక్కడే ఇబ్బంది పడతారు.

ఇక్కడ ఇంజినీరింగ్ పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక లెక్క వేద్దాం. డ్రైవర్‌తో కలిపి 1,200 కిలోల కారు. 140లో వస్తూ మలుపు ముందు 70కి తగ్గించారు. గతిశక్తిలో తేడా ఎంత? సుమారు 680 కిలోజౌళ్లు. అంటే మామూలు వేడిలో ఉన్న రెండు లీటర్లకు పైగా నీళ్లను మరిగే స్థాయికి తేవడానికి సరిపోయే వేడి. మంచి టైర్లు, గట్టి బ్రేకింగ్ ఉంటే ఆ వేడి పుట్టేది రెండు మూడు సెకన్లలో. అందులో ఎక్కువ భాగం ముందు రెండు డిస్కులే మింగాలి, ఎందుకంటే బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. ఇలా చుట్టుకు నాలుగైదు సార్లు. ఇప్పుడు దీని మీద రీమ్యాప్ చేసి ఇంకో ముప్పై హార్స్‌పవర్ కలిపారనుకోండి. స్ట్రెయిట్ చివర మీ వేగం పెరుగుతుంది, వేడి ఆ వేగానికి వర్గంలో పెరుగుతుంది. బ్రేకులు మాత్రం పాతవే. ముందు పవర్ వద్దని నేను అనేది అందుకే.

బ్రేక్ ఆయిల్ గురించి నింపాదిగా చెబుతాను, ఎందుకంటే ప్రాణం ఆధారపడేది దాని మీదే. మనం వాడే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డబ్బా మూత తీసిన రోజు నుంచే పీల్చడం మొదలవుతుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అదే ఆయిల్ తేమ పట్టాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. మన విజయవాడ గాలిలో, కోస్తా గాలిలో ఎంత తేమ ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మూడేళ్ల పాత ఆయిల్ ఉన్న కారు రోడ్డు మీద బ్రహ్మాండంగా ఆగుతుంది, ఎలాంటి అనుమానమూ రాదు. అదే కారు ట్రాక్‌లో నాలుగో చుట్టుకో ఐదో చుట్టుకో క్యాలిపర్ దగ్గర, అంటే ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే భాగం దగ్గర, ఆయిల్ మరుగుతుంది. మరిగిన చోట ఆవిరి బుడగలు. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీరు పెడల్ తొక్కితే అది మెత్తగా నేలదాకా వెళ్లిపోతుంది, కారు మాత్రం వెళ్తూనే ఉంటుంది.

ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేయడం వేరు. అప్పుడు పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు ఆగదు. ఈ తేడా కాలికి తెలియాలి. పెడల్ మెత్తబడితే ఆయిల్, పెడల్ గట్టిగా ఉండి ఆగకపోతే ప్యాడ్. రెండింట్లో ఏది కొంచెం అనిపించినా ఆ చుట్టు అక్కడితో ఆపి, నెమ్మదిగా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, వచ్చేయండి. ఇంకో చుట్టు చూద్దాం అనుకోవద్దు. బతిమాలి చెబుతున్నాను.

మరి ఏం చేయాలి? ట్రాక్‌కి వెళ్లే వారంలోనే ఆయిల్ మొత్తం మార్చాలి. రేసింగ్ కోసం అమ్మే డాట్ 4 ఆయిళ్లు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటినా మరగవు. డాట్ 5 అని విడిగా ఒకటి ఉంటుంది, అది సిలికాన్. మన సిస్టమ్‌లో కలవదు, దాన్ని ముట్టుకోవద్దు. బ్లీడింగ్, అంటే పాత ఆయిల్‌నీ గాలి బుడగలనీ బయటికి తీయడం, అందరూ చేస్తారు, కానీ ఎలా చేస్తారో దగ్గర నిలబడి చూడండి. లోపల ఒకరు, చక్రం దగ్గర ఒకరు. "తొక్కు... పట్టుకో..." అనగానే ఆయిల్ బయటికి వదిలే నిప్పుల్ పావు తిప్పు విప్పాలి, పారదర్శకమైన పైపులోంచి ఆయిల్ రావాలి, నిప్పుల్ బిగించాకే "వదులు" అనాలి. బిగించక ముందే వదిలితే గాలి వెనక్కి లాగుతుంది. మొదట టీ డికాషన్ రంగులో వస్తుంది, తర్వాత లేత పసుపు, మధ్యమధ్య సన్న బుడగలు. బుడగ ఒక్కటి కూడా కనపడకుండా పోయేదాకా ఆపకూడదు. పైన రిజర్వాయర్ ఖాళీ కాకుండా చూస్తుండాలి, ఖాళీ అయితే పనంతా మళ్లీ మొదటికే. ఏ చక్రంతో మొదలుపెట్టాలో కారుకో పద్ధతి ఉంటుంది, మాన్యువల్ చూడండి. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లకు స్కానర్ పెట్టి కూడా చేయాల్సి వస్తుంది. తొందరలేని మెకానిక్‌తో, సాయంత్రం షెడ్ ఖాళీ అయ్యాక చేయించుకోండి. అరగంటలో ముగించే పని కాదిది.

ప్యాడ్ల విషయానికొస్తే, పూర్తి రేసింగ్ ప్యాడ్ వద్దు. చల్లగా ఉన్నప్పుడు అది సరిగా పట్టదు, మనం ఇంటి నుంచి నడుపుకుంటూ వెళ్లి నడుపుకుంటూ రావాలి. చెన్నై ఇక్కడి నుంచి 450 కిలోమీటర్లు. ట్రాక్ డే కోసమే చేసిన మధ్యరకం ప్యాడ్లు దొరుకుతాయి, అవి చాలు. కొత్త ప్యాడ్లు వేశాక తప్పకుండా పదును పెట్టాలి, అంటే బెడ్డింగ్ చేయాలి. ఖాళీ రోడ్డు చూసుకుని వేగం నుంచి పూర్తిగా ఆగకుండా తగ్గించడం, మళ్లీ అందుకోవడం, మళ్లీ తగ్గించడం, తర్వాత బ్రేక్ ముట్టకుండా చల్లార్చడం. దీంతో ప్యాడ్ పొర డిస్క్ మీద సమానంగా పరుచుకుంటుంది. కన్నాలు పెట్టిన డిస్కులు చూడ్డానికి అందంగా ఉంటాయి. ట్రాక్ వేడికి ఆ కన్నాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. మంచి రకం మామూలు వెంటిలేటెడ్ (మధ్యలో గాలి సందులున్న) డిస్కే నయం.

(సభలోంచి ఒకరు: "సార్, ముందు వెనకా పెద్ద బ్రేక్ కిట్ వేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?")

మంచి ప్రశ్న తమ్ముడూ. పెద్ద డిస్క్ ఎక్కువ వేడి మింగుతుంది, నిజమే. కానీ దానికి పెద్ద రిమ్ కావాలి, బరువు పెరుగుతుంది, ముందు వెనక బ్రేకుల పొందిక చెడితే కారు బ్రేక్‌లో తిరిగిపోతుంది. మొదటి ఏడాది మంచి ప్యాడ్, మంచి ఆయిల్, బంపర్ నుంచి డిస్క్ మధ్యలోకి గాలి వెళ్లే పైపు, ఇవి మూడూ పెట్టి చూడు. స్విఫ్ట్, పోలో లాంటి బరువు తక్కువ కార్లకు అదే చాలా దూరం వస్తుంది. అప్పటికీ చాలకపోతే కిట్ గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

టైర్లు. సైడ్‌వాల్ మీద ఒక గుర్తులో చివరి నాలుగు అంకెలు చూడండి. 2322 అని ఉంటే 2022లో ఇరవై మూడో వారంలో తయారైందని. అరుగుదల లేకపోయినా పాతబడిన రబ్బరు గట్టిపడి జారుతుంది, దానితో ట్రాక్ వద్దు. గాలి సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడ 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్‌ఐ పట్టించి వెళ్తే, టైరు లోపలి గాలి 80 డిగ్రీలకు చేరేసరికి అది 39, 40 దగ్గరికి వస్తుంది. అంత గాలితో టైరు మధ్యభాగమే రోడ్డును తాకుతుంది, పట్టు తగ్గుతుంది. సెషన్ నుంచి రాగానే వేడి మీదే కొలిచి, కావలసినంతకు వదలాలి. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ పట్టించాలి, ఇది మరిచిపోతారు. ఎంతకు వదలాలో కారును బట్టి, టైరును బట్టి ఉంటుంది. దానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. చాక్‌పీస్ తీసుకుని, టైరు అరిగే భాగం అంచు మీద నుంచి సైడ్‌వాల్ దాకా నాలుగు చోట్ల అడ్డంగా గీతలు గీయండి. నాలుగు చుట్లు తిరిగి వచ్చి చూడండి. చాక్ ఎంతవరకు చెరిగిందో అంతవరకు టైరు మలుపులో ఒరిగి నేలకు రాసుకుందన్నమాట. సైడ్‌వాల్ మీదకు బాగా దిగితే గాలి తక్కువ, అంచు దాకా కూడా రాకపోతే ఎక్కువ. నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎండ ఎంత, మొదట ఎంత గాలి, వచ్చాక ఎంత. రెండు మూడు సార్లు వెళ్లేసరికి మీ కారుకు మీరే మాస్టర్.

మన కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలు లాగేవే. ముందు టైరే లాగాలి, తిప్పాలి, ఆపాలి. గడియారం ముల్లు దిశలో తిరిగే ట్రాక్ అయితే ఎడమ ముందు టైరు బయటి అంచు ముందుగా అరుగుతుంది. దీనికి విరుగుడు క్యాంబర్, అంటే చక్రం పైభాగం కొంచెం లోపలికి వంగేలా చేయడం. క్యాంబర్ బోల్టులతో ఒక డిగ్రీ పైన దొరుకుతుంది, అలైన్‌మెంట్ చేసేవాళ్లకు అడిగి చేయించుకోవచ్చు. స్ప్రింగులు కోయించి కారు కిందికి దించడం మాత్రం దయచేసి చేయకండి. కోసిన స్ప్రింగ్ సీటులో సరిగా కూర్చోదు, షాక్ ప్రయాణం తగ్గి కారు బంప్ మీద ఎగురుతుంది. అంతకన్నా ముందు సస్పెన్షన్ కీళ్లలోని పాత రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, ఇంజిన్ మౌంటింగులు చూసుకోండి. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుకు కొత్త బుష్‌లు వేస్తే కొత్త సస్పెన్షన్ వేసినంత మార్పు తెలుస్తుంది.

ఇంజిన్ విషయంలో పెద్దగా చెప్పేది లేదు. ఆయిల్ కొత్తగా ఉండాలి, డిప్‌స్టిక్ మీద పై గీత దగ్గర ఉండాలి, పైకి దాటకూడదు. పొడవాటి మలుపులో ఆయిల్ సంపులో, అంటే ఇంజిన్ అడుగు తొట్టిలో, ఒక పక్కకు చేరుతుంది. తక్కువగా ఉంటే పంపుకు ఆయిల్ బదులు గాలి అందుతుంది, బేరింగులు పోతాయి. పెట్రోల్ కూడా అంతే, పావు ట్యాంక్ కిందకు వస్తే మలుపుల్లో ఇంజిన్ తడబడుతుంది. హైవే మీద పదిహేను ఇచ్చే కారు ట్రాక్‌లో ఐదారు ఇస్తే గొప్ప, దానికి తగ్గట్టు పోయించుకోండి. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు పోయడం మన దగ్గర పెద్ద జబ్బు. లోపల చుట్టూ సున్నం పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయాలి, రేడియేటర్ మూత రబ్బరు బాగుండాలి. ఆ మూత ఒత్తిడిని పట్టి ఉంచబట్టే కూలెంట్ 100 దాటినా మరగకుండా ఉంటుంది. టెంపరేచర్ పెరుగుతుంటే గేర్ పెంచి నెమ్మదించండి, లోపల హీటర్ ఫుల్‌లో పెట్టండి. చెమటలు పడతాయి కానీ ఇంజిన్ వేడి కొంత మీ కాళ్ల మీదుగా బయటికి పోతుంది.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే పవర్. ఇవన్నీ అయ్యాక, రెండు మూడు ట్రాక్ డేలు హాయిగా పూర్తిచేశాక, అప్పుడు ఆలోచించండి. ఈలోపు స్టెప్నీ, జాకీ, డిక్కీలో సామాను దించేస్తే బరువు ఊరికే తగ్గుతుంది. వెళ్లేటప్పుడు దారిలో కావాలి కాబట్టి పిట్‌లో దించండి.

చట్టం సంగతి కూడా స్పష్టంగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు తేడాగా కారును మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదువేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. నేను పైన చెప్పిన ఆయిల్, ప్యాడ్లు, కూలెంట్ లాంటివి కారు రూపాన్నీ స్పెసిఫికేషన్నీ మార్చనివి. సైలెన్సర్ పీకేయడం, రీమ్యాప్‌తో పొగ వదలడం అలాంటివి కావు. రోడ్డు మీద తిరిగే కారుకు అవి వద్దు. మరీ కావాలనుకుంటే ట్రాక్ కోసమే ఒక కారు పెట్టుకుని, లారీ మీద తీసుకెళ్లాలి. ఇన్సూరెన్స్ కాగితం కూడా ఇంటికెళ్లి చదవండి. మామూలు కారు పాలసీ వర్తించని వాటిలో రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్ ఉంటాయి. ట్రాక్‌లో కారు గోడకు తగిలితే బాగుచేయించుకునే ఖర్చు మీదేనని ముందే లెక్క వేసుకోండి. అప్పు తెచ్చి, ఇంట్లో అందరూ వాడే ఒకే ఒక్క కారును తీసుకెళ్లొద్దనేది నా గట్టి అభిప్రాయం.

ఆ రోజు ఏం చేయాలో చెబుతాను. ముందురోజు రాత్రి టెన్షన్ పెట్టుకోకుండా నిద్రపోండి. పొద్దున పిట్‌లో కారులో ఉన్న ప్రతి వస్తువూ తీసేయండి. ఫ్లోర్ మ్యాట్లు, సీటు కింద వాటర్ బాటిల్ ముఖ్యంగా. దొర్లుకుంటూ బ్రేక్ పెడల్ వెనక చేరే బాటిల్‌ను మించిన ప్రమాదం లేదు. బ్యాటరీ క్లాంప్ కదులుతోందేమో చేత్తో ఊపి చూడండి. టోయింగ్ హుక్ బిగించి ఉంచండి. కాటన్ బట్టలు, పల్చటి సోల్ ఉన్న బూట్లు, మంచి హెల్మెట్. చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి, పోలోకైతే 120 న్యూటన్ మీటర్లు. పంక్చర్ షాపులో గాలి గన్నుతో బిగించినవి నమ్మకండి, కొన్ని మరీ బిగుతు, కొన్ని వదులు. సెషన్ అయ్యి చల్లారాక మళ్లీ చూడండి.

సెషన్‌లో చివరి చుట్టు బ్రేక్ దాదాపు ముట్టకుండా, పెద్ద గేరులో నెమ్మదిగా తిరగాలి. గాలే డిస్కులను చల్లబరుస్తుంది. పిట్‌లోకి వచ్చాక హ్యాండ్ బ్రేక్ వేయొద్దు. వేస్తే వేడెక్కిన వెనక బ్రేక్ ఒకేచోట అతుక్కుని మచ్చ పడుతుంది, తర్వాత బ్రేక్ వేసినప్పుడు కారు వణుకుతుంది. గేరులో పెట్టి చక్రం కింద ఇటుకో చెక్కో పెట్టండి. టర్బో కారైతే ఇంజిన్ వెంటనే ఆపకండి, ఒకటి రెండు నిమిషాలు న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌లో ఉంచి, ఆపాకే గేరులో పెట్టండి. బానెట్ ఎత్తి, కింద ఏదైనా కారుతోందేమో వంగి చూడండి. ప్యాడ్ మందం రిమ్ సందుల్లోంచి టార్చ్ వేసి చూడండి. తిరుగు ప్రయాణానికి సరిపడా ప్యాడ్ లేదనిపిస్తే ఆ రోజుకు చివరి సెషన్ వదిలేయండి. విడిగా ఒక పాత ప్యాడ్ల సెట్ డిక్కీలో ఉంటే ఇంకా మంచిది.

ఇంటికి వచ్చిన వారంలో కారు మళ్లీ జాకీ మీదికి ఎక్కాలి. బ్రేక్ ఆయిల్ బ్లీడ్ చేయాలి, క్యాలిపర్ల రబ్బరు బూట్లు కాలాయేమో చూడాలి, డిస్కుల మీద వేలు పెట్టి పగుళ్లు తడిమి చూడాలి, ఇంజిన్ ఆయిల్ మార్చాలి, వీల్ బేరింగ్ శబ్దం వినాలి. సర్వీసు పుస్తకంలోని పదివేల కిలోమీటర్ల లెక్క రోడ్డుకు రాసింది. దాన్ని ట్రాక్‌కు వర్తింపజేయకండి.

బయట షెడ్‌లో ఒక పోలో జాకీ మీద ఎక్కించి ఉంచాం, ముందు ఎడమ చక్రం విప్పి పెట్టారు. అన్నలు సాయం చేస్తానన్నారు. బ్లీడింగ్ ఎలా చేయాలో ఇప్పుడు ఒక్కొక్కరి చేత చేయిస్తాను. ప్రశ్నలు అక్కడ అడగండి, పానా చేతిలో ఉంటే జవాబు సులువుగా చెప్పొచ్చు. పదండి.